ఆఖరి కుర్చీలో ఊపిరి

నేను ఊపిరి తీస్తే చప్పుడవుతుంది. పెళ్ళైన మొదటి వారంలోనే మా ఆయన అడిగారు, "ఏమోయ్, నీకు జలుబా?" అని. జలుబు కాదు, అలవాటు. వయొలిన్ వాయించేవాళ్ళలో చాలామందికి ఉంటుంది. పాట ఎత్తుకునే ముందు ముక్కుతో గట్టిగా ఒకసారి గాలి పీలుస్తాం. పక్కన కూర్చున్నవాళ్ళకి అది సైగ. 'ఊఁ, ఇప్పుడు' అని నోటితో అనకుండా అనడమన్నమాట. నాకది ఎంతగా పట్టేసిందంటే, పొయ్యి మీంచి పాలగిన్నె దించేటప్పుడు కూడా పీలుస్తాను. మా ఆయన లిఫ్టులు బాగుచేస్తారు. "నా లిఫ్టు కూడా బయల్దేరే ముందు ఇంత చప్పుడు చెయ్యదు" అంటారు.

ఈ ఊపిరి వల్లే నా ఇరవై మూడేళ్ళ పని మట్టిలో కలిసింది. ఈ మాట అనడానికి నాకు చాలా రోజులు పట్టింది. మొదట్లో ఆఫీసువాళ్ళని తిట్టాను, హాలుని తిట్టాను, పిల్లల తల్లిదండ్రుల్ని తిట్టాను. తిట్టడానికి ఇంకెవరూ మిగల్లేదు కాబట్టి ఇప్పుడు ఉన్నదున్నట్టు చెబుతున్నాను.

వారంలో అయిదు రోజులు నాలుగు బళ్ళు తిరిగి వయొలిన్, దానికంటే కాస్త పెద్దదైన వయోలా, మోకాళ్ళ మధ్య నిలబెట్టి వాయించే చెల్లో నేర్పేదాన్ని. పేరుకి తీగల టీచర్. చేసేది మాత్రం తెగిన తీగలు మార్చడం, జారిపోయిన బిరడాలు బిగించడం, "అమ్మ తల నొప్పి అంది, ఇంట్లో వాయించొద్దంది" లాంటి కబుర్లు వినడం. ఆ పనికి ఎవరూ దండలు వెయ్యరు. నేను బతికింది శనివారాల కోసం. శనివారం పొద్దున తొమ్మిది నుంచి పన్నెండు దాకా, గ్రంథాలయం మేడ మీద, నాలుగు బళ్ళ పిల్లలూ కలిసి వాయించే బాలల ఆర్కెస్ట్రా. నలభై ఒక్క మంది. పదేళ్ళ నుంచి పదిహేడేళ్ళ దాకా. కింద పేపర్లు చదువుకునే పెద్దమనుషులు మా చప్పుడికి కర్రతో పైకప్పు పొడిచేవాళ్ళు. మా కుర్చీల్లో సగం కుంటివి. కాలి కింద కాగితం మడత పెట్టనిదే ఒక్కటీ నిలబడేది కాదు.

ఆ ఆర్కెస్ట్రాకి కండక్టర్ మా కర్ర మాస్టారు. పిల్లలు పెట్టిన పేరు. కండక్టర్ అని చెబితే ఏ రూట్ బస్సని అడిగేవాళ్ళే ఎక్కువ కాబట్టి ఆయన కూడా ఆ పేరుతోనే సరిపెట్టుకున్నారు. నాకంటే పన్నెండేళ్ళు పెద్ద. కుర్రతనంలో పెద్ద ఆర్కెస్ట్రాల ముందు నిలబడాలనుకున్న మనిషి. మూడు చోట్ల పరీక్షలకెళ్ళి మూడు చోట్లా రెండో స్థానంలో ఆగిపోయారు. రెండో స్థానం అంటే ఏమీ లేదనే. అక్కణ్ణుంచి మా మేడ మీదికొచ్చి, పాతికేళ్ళుగా చెక్క పీట ఎక్కి, పిల్లల ముందు సన్నటి తెల్లకర్ర తిప్పుతున్నారు.

నేను చేరిన మొదటి ఏడాది సంగతి. కచేరీ రేపనగా రెండో వయొలిన్ల వరుసలో ముగ్గురికి ఒకేసారి జ్వరాలొచ్చాయి. మిగిలిన నలుగురూ బిక్కచచ్చిపోయి కూర్చున్నారు. మాస్టారు నా వైపు చూసి, "ఏమ్మా టీచరమ్మా, ఈ ఒక్కసారికి ఆఖరి కుర్చీలో నువ్వు కూర్చోకూడదూ?" అన్నారు. కూర్చున్నాను. ఊపిరి తీశాను. నలుగురూ గూట్లోంచి పిట్టలు లేచినట్టు ఒక్కసారిగా ఎత్తుకున్నారు. చప్పట్లు మోగిపోయాయి.

ఒక్కసారికే అనుకున్నది ఇరవై మూడేళ్ళయింది. నన్ను లేవమని ఎవరూ అనలేదు, నేనూ లేవలేదు. జ్వరాలు తగ్గాయి, ఆ పిల్లలు పెద్దవాళ్ళయి పోయారు, వాళ్ళ స్థానంలో వేరే పిల్లలొచ్చారు. ఆఖరి కుర్చీ మాత్రం నాదే. "ఇంత చిన్న పిల్లలు ఇంత కలిసికట్టుగా ఎలా వాయిస్తున్నారండీ!" అని తల్లులు ముక్కున వేలేసుకునేవాళ్ళు. కాకిపిల్ల కాకికి ముద్దంటారు గానీ, మా పిల్లలు ఊరందరికీ ముద్దే. నేను పొంగిపోయేదాన్ని. ఆ పొంగులో తప్పేముందని ఇప్పటికీ ఒక్కోసారి అనిపిస్తుంది.

తప్పు ఎక్కడుందో చెప్పాలంటే విరామాల గురించి చెప్పాలి. ఆర్కెస్ట్రాలో అందరూ అన్నివేళలా వాయించరు. చెల్లోలు పాడుతుంటే వయొలిన్లు ఊరుకోవాలి. ఊరుకోవడమంటే దిక్కులు చూడడం కాదు, లెక్కపెట్టడం. నాలుగు దెబ్బలు కలిస్తే ఒక బార్. మొదటి బార్‌కి 'ఒకటి రెండు మూడు నాలుగు', రెండో బార్‌కి 'రెండు రెండు మూడు నాలుగు', మూడోదానికి 'మూడు రెండు మూడు నాలుగు'. ఇలా మనసులో ఎంచుకుంటూ పోయి, పదహారు బార్ల విరామమైతే పదిహేడో బార్ మొదటి దెబ్బకి కమాను తీగ మీద ఉండాలి. ఇది నేను ప్రతి ఏడూ బోర్డు మీద రాసి మరీ చెప్పేదాన్ని. పిల్లలు తలలూపేవాళ్ళు. కానీ ఎవరూ లెక్కపెట్టేవాళ్ళు కాదు. వెనకనుంచి టీచర్ ఊపిరి ఎలాగూ వస్తుంది, వచ్చాక ఎత్తుకుంటే సరి. చేతికి ముద్ద అందిస్తుంటే వంట నేర్చుకునేదెవరు?

ఇది నాకు తెలియలేదా అంటే, ఒక మనిషి చెప్పింది. వినలేదు. మా అమ్మాయి ఏడేళ్ళకే నా దగ్గర వయొలిన్ మొదలుపెట్టి, పదమూడేళ్ళకి పెట్టెలో పెట్టేసింది. ఎందుకే అంటే, "అమ్మా, వెనకాల నువ్వు వాయిస్తుంటే ఇక నాకేం పని?" అంది. పొగరనుకున్నాను. చెంప మీద ఒకటి ఇచ్చాను కూడా. అది ఇప్పుడు మందుల కంపెనీలో రక్తపరీక్షలు చేస్తుంది. ఆదివారాలొచ్చి భోంచేసి వెళ్తుంది. ఆ పెట్టె మా అలమారా పైన అలాగే ఉంది.

సాంస్కృతిక శాఖ నుంచి ఉత్తరం వచ్చింది పోయిన ఏడు వానలు పడుతున్నప్పుడు. నగరంలో బాలల ఆర్కెస్ట్రాలు రెండున్నాయనీ, ఇక ఒక్కటే ఉంటుందనీ, ముగ్గురు పరిశీలకులు రెంటినీ విని తేలుస్తారనీ ఉంది. నెగ్గినది ఉంటుంది, ఓడినది మూతపడుతుంది. ఓడినవాళ్ళ పిల్లలు కావాలంటే ఒక్కొక్కరే పరీక్షకెళ్ళి నెగ్గినవాళ్ళలో చేరొచ్చు. టీచర్ల ఊసు లేదు. చివర్న చిన్న అక్షరాల్లో ఒక నియమం. వేదిక మీద పద్ధెనిమిదేళ్ళ లోపు వాళ్ళూ, కండక్టరూ తప్ప వేరెవరూ ఉండకూడదు.

అది చదివి నేను నవ్వాను. "నన్ను చూసి భయపడుతున్నారు మాస్టారూ" అన్నాను.

మాస్టారు నవ్వలేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, మళ్ళీ తీసి మళ్ళీ చదివారు.

నా ధీమాకి ఇంకో కారణం ఉంది. ముగ్గురు పరిశీలకుల్లో ఒకావిడ నా శిష్యురాలు. చిన్నప్పుడు కమాను ఎంత నెమ్మదిగా లాగేదంటే పిల్లలు దాన్ని నత్త అనేవాళ్ళు. ఇన్నేళ్ళలో నా దగ్గర్నుంచి సంగీత కళాశాలకి వెళ్ళింది అదొక్కతే. కొత్త పిల్లల తల్లిదండ్రులతో నేను మొదట చెప్పే మాట, "మా నత్త తెలుసా అండీ?" అన్నదే. ఇప్పుడు సాంస్కృతిక శాఖలో పెద్ద పదవిలో ఉంది. మన పిల్లే వింటోంది, ఇక భయమేమిటి అనుకున్నాను. ఇంట్లో చెబితే మా ఆయన, "మన పిల్ల అంటున్నావు, పదేళ్ళుగా ఒక్క ఫోనైనా చేసిందా?" అన్నారు. పెద్ద పదవుల్లో వాళ్ళకి తీరికెక్కడుంటుందండీ అన్నాను.

పోటీకి ఎంచుకున్న పాటలో మూడో భాగం మా ప్రాణం. చెల్లోలు మాత్రమే పదహారు బార్లు పాడతాయి. వయొలిన్లూ వయోలాలూ కమానులు ఒళ్ళో పెట్టుకుని ఊరుకుంటాయి. ఆ తర్వాత ఇరవై ఆరు మంది ఒక్కసారి, చెవిలో రహస్యం చెప్పినంత మెల్లగా, ఎత్తుకోవాలి. పెద్దవాళ్ళకే కష్టం. మా పిల్లలు దాన్ని ఎలా ఎత్తుకునేవారంటే, కింద పేపర్లు చదివే పెద్దమనుషులు కూడా అప్పుడు కర్ర పక్కన పెట్టేవాళ్ళు.

ఆ శనివారం సాధనలో, నియమం ప్రకారం నేను ఆఖరి కుర్చీలోంచి లేచి, గోడవార స్టూలు వేసుకుని కూర్చున్నాను. చేతిలో వయొలిన్ లేదు. మూడో భాగం వచ్చింది. చెల్లోలు అయిపోయాయి. ఇరవై ఆరు మంది తేనెలా ఎత్తుకున్నారు. నాకు కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. చూశారా, నేను లేకపోయినా వాయిస్తారు, నా పని నేను సరిగ్గా చేశాను అనుకున్నాను. గోడవార కూర్చుని కూడా ఊపిరి తీశానన్న ధ్యాసే నాకు లేదు. ఎవరి ఊపిరి ధ్యాస వాళ్ళకుంటుంది గనక?

పిల్లలు వెళ్ళాక మాస్టారు కర్రని గుడ్డలో చుడుతూ, తల ఎత్తకుండా అన్నారు. "వచ్చే వారం నువ్వొకసారి బయట మెట్ల మీద కూర్చో. తలుపు మూసేద్దాం. ఎలా వస్తుందో చూద్దాం."

"ఎందుకు?"

"ఊరికే. చూద్దామని."

"ఇరవై మూడేళ్ళు రెక్కలు ముక్కలు చేసుకున్నాక ఇప్పుడు నేను మెట్ల మీద కూర్చోవాలా? గోడవార కూర్చున్నా మీకు అడ్డంగా ఉన్నానా?"

"అది కాదమ్మా..."

"ఏది కాదు? నెగ్గితే పేరంతా కర్రకే రావాలి, అంతేగా? రానివ్వండి. నాకేం అక్కర్లేదు. కానీ మెట్ల మీద మాత్రం కూర్చోను."

మాస్టారు నన్ను ఒక్క క్షణం చూశారు. ఏదో అనబోయి, "సరేలే, వదిలెయ్" అన్నారు. ఆ 'వదిలెయ్'లో ఆయన గుండె మీంచి బరువు దిగినట్టు వినిపించింది. నా కోపానికి లొంగిపోయారని సంబరపడ్డాను. నా ముక్కు మీద కోపం గురించి మా అమ్మ అనేది, "దీనికి ఇల్లు తగలబడుతోందని చెప్పినా, నన్నంటావా అని మీదికొస్తుంది" అని. అమ్మ మాట అక్షరాలా నిజమైంది.

పోటీ రోజు పరిశీలకులు మమ్మల్ని విన్న హాలు మా మేడకి పదింతలుంది. మెత్తటి కుర్చీలు, కుంటని కాళ్ళు. పిల్లలు తెల్లచొక్కాల్లో బెదురు చూపులు చూస్తున్నారు. ఒక్కొక్కరి వాయిద్యం శ్రుతి చూసి, జుట్లు సర్ది, నేను కిందకొచ్చి ఆరో వరుసలో కూర్చున్నాను. అయిదో వరుసలో పరిశీలకులు. ఒకాయన బట్టతల, ఒకాయన దగ్గు, మధ్యలో మా నత్త. నన్ను చూసి లేచి నిలబడి, "నమస్తే టీచర్" అంది. నెరిసిన వెంట్రుకలు రెండు మూడు కనిపించాయి. అంతకంటే ఏమీ మాట్లాడలేదు. పక్షపాతం అనుకుంటారని కాబోలు అని నేనే సర్దిచెప్పుకున్నాను.

వేదిక మీదికి చూస్తే రెండో వయొలిన్ల వెనక ఒక కుర్చీ ఖాళీగా ఉంది. నా కుర్చీ. వద్దన్నా పిల్లలు అలవాటు కొద్దీ వేసేశారు. తీసేయమని సైగ చేద్దామనుకునేలోగా మాస్టారు పీట ఎక్కారు.

మొదటి భాగం పరవాలేదు. ఎత్తుగడలో కాస్త తడబడ్డా, అందరూ కలిసి వాయించే పాట కాబట్టి ఒకరినొకరు పట్టుకుని గట్టెక్కారు. రెండో భాగం ఇంకా బాగుంది. బట్టతలాయన ఏదో రాసుకుని తలూపాడు. మూడో భాగం మొదలైంది.

చెల్లోలు పాడాయి. నేను లెక్కపెడుతూనే ఉన్నాను. పద్నాలుగు రెండు మూడు నాలుగు. పదిహేను రెండు మూడు నాలుగు. ముందు వరుసలో పరిశీలకులున్నారు కదా, లెక్క పైకి వినబడితే అల్లరిగా ఉంటుందని ముక్కూ నోరూ రుమాలుతో కప్పుకున్నాను. పదహారు రెండు మూడు నాలుగు.

మాస్టారి ఎడమ చెయ్యి లేచింది. కర్ర దిగింది.

ఎవరూ వాయించలేదు.

కమానులు ఒళ్ళోనే ఉన్నాయి. చెల్లోలు తమ ఆఖరి స్వరాన్ని సాగదీసి పట్టుకున్నాయి. మాస్టారు మళ్ళీ కర్ర దించారు. ఇంకో బార్. ఇంకోటి. ఆయన వీపు నాకు కనిపిస్తోంది, చొక్కా తడిసి అంటుకుపోయింది. ఇరవై ఆరు మంది పిల్లల్లో ఒక్కరూ ఆయన్ని చూడడం లేదు. అందరి తలలూ కొంచెం కొంచెంగా వెనక్కి, ఆ ఖాళీ కుర్చీ వైపు తిరుగుతున్నాయి. మొదటి కుర్చీలో కూర్చున్న అమ్మాయి, మా అందరిలోకీ చురుకైనది, దాని కళ్ళు హాలంతా నన్నే వెతుకుతున్నాయి. చెల్లోల కమానులు చివరికొచ్చేశాయి. ఆ స్వరం సన్నబడి ఆగిపోబోతోంది.

నేనేం చెయ్యాల్సింది? ఊరుకుంటే పాట అక్కడే చచ్చిపోతుంది. అన్నీ తెలిసిన ఈరోజు కూడా నన్నక్కడ కూర్చోబెడితే అదే చేస్తాననుకుంటాను.

రుమాలు తీసేసి ఊపిరి తీశాను.

అంత పెద్ద హాల్లో అది గుడ్డ చింపినట్టు వినిపించింది. ఇరవై ఆరు కమానులూ ఒక్కసారి లేచాయి, ఒక్కసారి తీగల మీద వాలాయి. ఎంత మెల్లగా ఎత్తుకున్నారో, ఎంత కలిసి ఎత్తుకున్నారో! జన్మలో అంత బాగా ఎప్పుడూ వాయించలేదు వాళ్ళు.

బట్టతలాయనా, దగ్గాయనా వెనక్కి తిరిగి నన్ను చూశారు. బట్టతలాయన చిన్నగా నవ్వాడు కూడా, దొంగ దొరికిందన్నట్టు. నత్త మాత్రం తిరగలేదు. కానీ సరిగ్గా దాని వెనకే కూర్చున్నాను కాబట్టి నేను చూశాను. నా ఊపిరికి నత్త ఎడమ భుజం లేచింది. చేతిలో వయొలిన్ లేదు, పెన్నుంది. అయినా భుజం లేచింది. తర్వాత మెల్లగా దించుకుని, పెన్ను కాగితం మీద పడుకోబెట్టేసింది.

అయిపోయాక నడవలో మంచినీళ్ళ కుళాయి దగ్గర నత్తే నా దగ్గరికొచ్చింది.

"టీచర్, నేనొకటి చెప్పాలి. ఇప్పుడు కాకపోతే ఎప్పటికీ చెప్పలేను."

"చెప్పమ్మా. ఏదో ఒక్క చోట తడబడ్డారు, అంతే కదా? హాలు కొత్త. పిల్లలు బెదిరారు..."

"నేను వయొలిన్ మానేసి పదిహేనేళ్ళయింది, తెలుసా మీకు?"

తెలియదు. పెద్ద ఆర్కెస్ట్రాలో వాయించి, ఆ తర్వాత పదవిలోకి వచ్చిందని నాకు నేనే అనుకుని, పదిమందికీ చెప్పుకున్నాను. దాన్ని ఏనాడూ అడగలేదు.

"కళాశాలలో రెండో ఏడు తీసేశారు. చేతులు బావున్నాయన్నారు. చెవి బావుందన్నారు. కానీ ప్రతి ఎత్తుగడలో ఓ వెంట్రుకవాసి ఆలస్యం. ఎందుకో వాళ్ళకీ తెలీలేదు, నాకూ తెలీలేదు. ఎంత లెక్కపెట్టినా, ఆఖరి క్షణంలో ఒళ్ళు ఆగిపోయేది టీచర్. వెనకాల ఎవరో ఊపిరి తీస్తారని. ఎవరూ తీసేవాళ్ళు కాదు." కుళాయి కట్టేసింది. "మీ మీద కోపం లేదు. చిన్నప్పుడు శనివారాలే నాకు పండగ. మీకు తెలియాలని చెప్పానంతే."

నోరు పెట్టి పదిమందిని గెలిచేదాన్ని, కుళాయి వైపు చూస్తూ నిలబడ్డాను. అది నా చెయ్యి ఒకసారి పట్టుకుని వెళ్ళిపోయింది. అది కమాను నెమ్మదిగా లాగేది ఎందుకో నాకప్పుడు తెలిసింది. ముందు నాది కదలాలని చూసేది.

ఇంటికి బస్సులో మాస్టారూ నేనూ ఒకే సీట్లో కూర్చున్నాం. రెండు స్టాపులు దాటాక, "మీకు తెలుసు కదూ?" అన్నాను.

ఆయన కిటికీలోంచి చూస్తున్నారు. "అనుమానంగా ఉండేది."

"మరెందుకు చెప్పలేదు?"

"ఎలా చెప్పనమ్మా? పిల్లలు ఒక్కళ్ళేనా? నేనూ నీ ఊపిరి వినే కర్ర దించేవాణ్ణి. నీది ఎప్పుడూ తప్పేది కాదు, నాది తప్పేది. పరీక్షల్లో అందుకే రెండో స్థానం." ఒళ్ళో గుడ్డలో చుట్టిన కర్ర ఉంది. దాన్ని అటూ ఇటూ దొర్లించారు. "చెబితే నువ్వు మానేస్తావు. మానేస్తే నా బండారం బయటపడుతుంది. మెట్ల మీద కూర్చోమన్నాను చూడు, అది ధైర్యం చేసి అడిగాను. నువ్వు కోప్పడ్డావు. హమ్మయ్య అనుకున్నాను."

ఆయన దిగాల్సిన స్టాపు వచ్చింది. దిగలేదు. మా స్టాపు దాకా వచ్చి, అవతలి వైపు బస్సెక్కి వెనక్కి వెళ్ళారు.

పది రోజులకి ఉత్తరం వచ్చింది. మేం ఓడిపోయాం. ఆశ్చర్యపోవడానికి ఏముంది? 'వాద్యకారులలో స్వతంత్ర సామర్థ్యం కొరవడినది' అని ఒక వాక్యం ఉంది. కింద మూడు సంతకాలు. మధ్యది నాకు తెలిసిన చేతిరాతే. తర్వాత మా పిల్లల్లో పంతొమ్మిది మంది అవతలివాళ్ళ పరీక్షకెళ్ళారు. ఇద్దరు నెగ్గారు. ఇద్దరూ చెల్లోలే. చెల్లోల వెనక నేనెప్పుడూ కూర్చోలేదు.

ఆ ఆదివారం మా అమ్మాయి భోజనానికి వచ్చినప్పుడు, వడ్డిస్తూ అన్నాను. "నువ్వు పదమూడేళ్ళప్పుడు ఒక మాటన్నావు. గుర్తుందా?"

"ఏ మాట?"

చెప్పాను. అది ముద్ద నోట్లో పెట్టుకుని ఆలోచించింది. "గుర్తు లేదమ్మా. కొట్టావు, అది గుర్తుంది." కంచం ముందుకు జరిపి, "ఇంకొంచెం పప్పు వెయ్యి" అంది. వేశాను. అంతకంటే నాకు చేతనైంది లేదు.

ఆఖరి శనివారం. పన్నెండింటికల్లా మేడ ఖాళీ చేసి తాళాలు గ్రంథాలయంలో ఇచ్చెయ్యాలి. పిల్లలందరూ వచ్చారు, పరీక్ష నెగ్గిన ఇద్దరితో సహా. మూడో భాగం ఒకసారి వాయిద్దాం టీచర్ అన్నారు. మాస్టారు పీటెక్కారు. వాళ్ళింకా శ్రుతి చేసుకుంటుండగానే నేను బయటికొచ్చి తలుపు దగ్గరగా వేసి, మెట్ల మీద కూర్చున్నాను. మూడు నెలల కింద కూర్చోనన్న మెట్లవే.

ఎందుకంటే నాకు తెలుసుకోవాలనిపించింది. ఒక్కరైనా ఉన్నారేమో. ఇరవై మూడేళ్ళలో ఒక్కరికైనా నేనేదైనా నేర్పానేమో.

లోపల చెల్లోలు మొదలయ్యాయి. నేను ముక్కూ నోరూ రెండు చేతులతో మూసుకున్నాను. పదిహేను రెండు మూడు నాలుగు. పదహారు రెండు మూడు నాలుగు. కర్ర దిగి ఉంటుంది. నిశ్శబ్దం. కింద పేపరు తిరగేస్తున్న చప్పుడు వినిపిస్తోంది. ఒక కుర్చీ కిర్రుమంది. నాకు ఊపిరాడడం లేదు, అయినా చేతులు తియ్యలేదు.

అప్పుడు ఒక్క వయొలిన్ పలికింది. రెండు బార్లు ఆలస్యంగా, ఒంటరిగా, శ్రుతి కూడా కొంచెం తక్కువగా. నాలుగు స్వరాలు వాయించి, పక్కన ఎవరూ రాకపోయేసరికి ఆగిపోయింది. ఎవరో కిసుక్కున నవ్వారు. ఎవరిదా వయొలిన్ అని ఎంత ఆలోచించినా గుర్తుపట్టలేకపోయాను. అది నా చేతికింద పెరిగిన శబ్దంలా లేదు.

తలుపు తెరుచుకుంది. మొదటి కుర్చీ అమ్మాయి తల బయటపెట్టి, "ఇక్కడున్నారేంటి టీచర్? మీ కుర్చీ వేశాం, రండి" అంది.

"ఇప్పుడు వాయించింది ఎవరే?"

"ఏమో టీచర్, వెనకాల ఎవరో. తప్పొచ్చింది. మీరు రండి, మళ్ళీ మొదట్నుంచీ వాయిద్దాం. టైమైపోతోంది."

గోడ గడియారం పన్నెండుకి పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది. వాళ్ళని లెక్కపెట్టమని చెప్పొచ్చు. ఆ ఒక్కరూ ఎవరో నిలబడమని, 'మళ్ళీ నువ్వే ఎత్తుకో, తప్పొచ్చినా ఆగొద్దు' అని చెప్పొచ్చు. మెట్ల మీద కూర్చున్నంతసేపూ చెబుదామనే అనుకున్నాను. గుమ్మం దాటి లోపలికి వెళ్ళేసరికి నలభై ఒక్క మొహాలూ నన్ను చూసి వెలిగాయి. మాస్టారు కూడా.

ఆఖరి కుర్చీలో కూర్చున్నాను. కాలి కింద కాగితం మడత సరిగ్గా పెట్టారు, కదల్లేదు. చెల్లోలు పదహారు బార్లు పాడాయి. నేను ఊపిరి తీశాను. చాలా బాగా వచ్చింది.